పేరొకరిది, నేతొకరిది

వస్తువు – వివరం (నెలనెలా శీర్షిక)

ఈ నెల ప్రస్తావన ఒక బండితో ఆరంభమై ఒక చీర వద్దకు చేరుతుంది. రెండింటికీ సంబంధమేమిటని సందేహించవద్దు. రెండింటి వెనుకనున్న ప్రశ్న ఒక్కటే: పైన కనిపించే పేరు ఒకరిదైతే, వస్తువును నిజంగా తయారు చేసినది ఎవరు?

దసరా సెలవులలో మా పక్క క్వార్టరు వారి అబ్బాయి అమెరికా నుండి వచ్చాడు. అక్కడ తాను కొన్న షెవ్రొలే సిల్వరాడో పికప్ ట్రక్కు ఫోటోలు ఫోనులో చూపించాడు. రాళ్ళబాటలకు తగినట్లు కొన్ని ప్రత్యేక భాగాలను ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చే జెడ్71 రకం బండి అది. దాని షాక్ అబ్జార్బర్లు ‘రాంచో’ పేరున్నవని అతడు కొంత గర్వంగానే చెప్పాడు. వాళ్ళ నాన్నగారు ముప్పయ్యేళ్ళు మెకానికల్ మెయింటెనెన్సులో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. కళ్ళజోడు సవరించుకుని, “బండి జనరల్ మోటార్స్ వాళ్ళది సరే, ఈ రాంచో ఎవరిదిరా?” అని అడిగారు. అబ్బాయి తడబడి, ఫోనులో వెదికి చెప్పాడు. రాంచో అనేది టెన్నెకో అనే పెద్ద విడిభాగాల సంస్థకు చెందిన పేరు. మన బజారులో కూడా దొరికే ‘మన్రో’ షాక్ అబ్జార్బర్లు ఆ సంస్థవే.

ఇందులో మోసమేమీ లేదు. వాహన కంపెనీలు సాధారణంగా షాక్ అబ్జార్బర్లను స్వయంగా తయారు చేయవు. ఆ పని చేసే సంస్థలు వేరు. బండి బరువును స్ప్రింగు మోస్తుంది. గతుకులో పడిన తరువాత ఆ స్ప్రింగు అదే పనిగా ఊగకుండా ఆపేది షాక్ అబ్జార్బరు. అందులోని పిస్టను చిన్న రంధ్రాల గుండా నూనెను నెడుతుంది. ఊపులోని శక్తి వేడిగా మారి చల్లారిపోతుంది. ఆ రంధ్రాలు, కవాటాలు ఎలా ఉండాలన్నది బండి బరువును బట్టి, నడిచే బాటను బట్టి వాహన కంపెనీ నిర్ణయిస్తుంది. కనుక ఫ్యాక్టరీలో బిగించినదానికీ, అదే పేరుతో విడిభాగాల దుకాణంలో దొరికేదానికీ లోపలి అమరిక ఒకటే కావాలని లేదు. పేరు ఒకటే అయినా పార్టు నంబరు వేరుగా ఉంటుంది.

మన దేశంలోనూ ఇదే పద్ధతి. 1961లో స్థాపితమైన గాబ్రియేల్ ఇండియా వంటి సంస్థలు అనేక వాహన కంపెనీలకు షాక్ అబ్జార్బర్లను సరఫరా చేస్తూ, బజారులో కూడా విక్రయిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో ఇసుజు పికప్ ట్రక్కుల కర్మాగారం ప్రారంభమైంది. బండి అక్కడ తయారైనంత మాత్రాన అందులోని ప్రతి భాగమూ అక్కడే పుట్టినట్లు కాదు. అయితే ఒకటి గమనించాలి. ఆ భాగానికి పార్టు నంబరు ఉంటుంది, హామీ పత్రం ఉంటుంది. అది విఫలమైతే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఈ సంభాషణ అంతా వింటున్న మా శ్రీమతి, “మరి చీరకు పార్టు నంబరు ఏదీ?” అన్నది. ఆ మాట వెనుక పదిహేను రోజుల నాటి ఒక కథ ఉన్నది.

తిరిగి వచ్చిన చీర

మా బావమరిది మా స్వస్థలం నుండి వస్తూ, చెల్లెలికి పండుగ కానుకగా ఒక చీర తెచ్చాడు. అక్కడి ఒక దుకాణంలో పోచంపల్లి పట్టు అని చెప్పి, పట్టు ధరే తీసుకున్నారట. చీర చూడముచ్చటగా ఉన్నది. లింబాయత్ నుండి వచ్చి మా కాలనీలో చీరలకు ఫాల్ కుట్టి ఇచ్చే ఒకామె ఉన్నది. ఆ చీరను తీసుకుపోవడానికి ఆనాడు ఆమెతో పాటు భర్త కూడా వచ్చాడు. ఉమ్మడి నల్లగొండ జిల్లా నుండి ఇరవై ఏళ్ళ క్రితం సూరత్ చేరిన పద్మశాలి ఆయన. ఇక్కడ మరమగ్గాల షెడ్డులో పని. చీర మడత విప్పి, తిరగేసి, కొంగును వెలుతురుకు పట్టి చూశాడు. కొంతసేపు మాట్లాడలేదు.

“ఇది మా ఊరి చీర కాదమ్మా. మా ఊరి బొమ్మ, అంతే,” అన్నాడు.

తరువాత మెల్లగా వివరించాడు. అది పట్టు కాదు, పాలియెస్టరు. నేతలో వచ్చిన బొమ్మ కాదు, బట్ట మీద అచ్చు వేసినది. “ఈ బట్ట ఇక్కడిదే. మా షెడ్డులో దిగిందో, పక్క షెడ్డులో దిగిందో!” అని నవ్వాడు. ఆ నవ్వులో హాస్యం తక్కువ. సూరత్‌లో పుట్టిన చీర వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పోచంపల్లి పేరు పెట్టుకుని, ధర పెంచుకుని మళ్ళీ సూరత్‌కే సారెగా వచ్చిందన్నమాట!

సూరత్ చీర ఎవరి చేతి పని?

హజీరా అనగానే మనకు గ్యాస్, ఎరువులు, కవాస్ విద్యుత్ కేంద్రం గుర్తుకు వస్తాయి. ఆ తీరంలోనే పాలియెస్టరు ముడిసరుకులను తయారు చేసే రిలయన్స్ పెట్రోరసాయన కర్మాగారం కూడా ఉన్నది. పాలియెస్టరు నూలుకు మూలం చమురే. ఆ నూలు పురి పెట్టించుకుని, బీములకు ఎక్కి, నగరంలోని లక్షల మరమగ్గాల మీదికి చేరుతుంది. అక్కడ దిగే రంగులేని బట్టను ‘గ్రే’ అంటారు. దానిని తాకాల లెక్కన కొలుస్తారు. ఒక తాకా అంటే రమారమి నూరు మీటర్లు. గ్రే బట్ట పాండేసరా, సచిన్ ప్రాంతాల మిల్లులలో రంగు, అచ్చు వేయించుకుని రింగ్ రోడ్డు మార్కెట్లకు చేరుతుంది. అక్కడి నుండి లేసు కుట్టడానికి, రాళ్ళు అతకడానికి ఇళ్ళలోని ఆడవారి చేతులలోకి పోతుంది. చివరికి మడత, పెట్టె, చీటీ.

ఇందరి చేతులు మారిన చీర మీద ఏ ఒక్కరి పేరూ ఉండదు. చాలా షెడ్లలో నూలు ఒకరిది, మగ్గం ఒకరిది, శ్రమ మరొకరిది. మగ్గం యజమానికి జాబ్ చార్జీ, కార్మికునికి మీటరు లెక్కన కూలి. ఒడిశాలోని గంజాం నుండి, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుండి, మన తెలంగాణ జిల్లాల నుండి వచ్చినవారే ఈ మగ్గాలను నడుపుతున్నారు. మన వారి సంఖ్య ఎంతటిదంటే, సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఆ నేతగాడు ఎనిమిది మగ్గాల మధ్య పన్నెండు గంటలు తిరుగుతాడు. “నాడె చప్పుడుకు చెవులు పోయినయి సార్, మీరు కొంచెం గట్టిగ చెప్పాలె,” అన్నాడు. నేను అంతకుముందు అడిగిన ప్రశ్నకు ఆయన బదులు చెప్పకపోవడానికి కారణం అప్పుడు తెలిసింది.

పోచంపల్లి చీర ఎవరి చేతి పని?

అసలు పోచంపల్లి చీరలో రంగు బట్టకు కాదు, నూలుకు పడుతుంది. నేయబోయే బొమ్మను ముందే లెక్కగట్టి, నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. విప్పి, మళ్ళీ కట్టి, మరొక రంగులో ముంచుతారు. అంతకుముందు నూలును కొయ్య మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి ఆసు పోయాలి. ఒక్క చీరకే చేతిని వేల సార్లు ఆడించవలసిన పని అది. తరతరాలుగా ఇంటి ఆడవారి భుజాల మీదనే పడింది. తల్లి పడే ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇంత శ్రమ తరువాత పడుగులోని రంగు, పేకలోని రంగు మగ్గం మీద కలిస్తేనే బొమ్మ తేలుతుంది. అందుకే దాని అంచులు కొద్దిగా చెదిరినట్లు కనిపిస్తాయి.

మా ఇంటికి వచ్చిన నేతగాడు చిన్ననాడు తండ్రి పక్కన కూర్చుని ఆ నూలు కట్టినవాడే. నెలకు చేతికొచ్చే కూలి ఇంటికి చాలక మగ్గం దిగి రైలెక్కాడు. నేడు ఆయన నేసే తెల్లని బట్ట మీద తండ్రి కట్టిన బొమ్మనే మరొకరు నిమిషాలలో అచ్చు వేస్తారు. అది పోచంపల్లి పేరుతో అమ్ముడైనప్పుడు ఊరిలో మిగిలిన మగ్గం మరికొంత వెనుకబడుతుంది. ఆయన కూలి మాత్రం మీటరుకు పైసా పెరగదు. నష్టం రెండు వైపులా అతనిదే.

ఇక్కడ సూరత్ బట్టను చిన్నచూపు చూడరాదు. చవకగా, రంగురంగులుగా, ఉతికితే వెలవని చీరను కోట్లాది సామాన్య స్త్రీలకు అందించినది ఈ నగరమే. మరొక విశేషం కూడా ఉన్నది. సూరత్ జరీ శతాబ్దాల నాటి వృత్తి. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. కంచి పట్టు వంటి మేలిమి చీరల అంచులలో మెరిసే జరీకి సూరత్ పేరెన్నిక గన్నది. అసలైన దక్షిణాది పట్టు చీరలో కూడా సూరత్ చేయి ఉన్నదన్నమాట! అక్కడ ఆ చేతికి గౌరవం ఉన్నది, ఎందుకంటే ‘సూరత్ జరీ’ అని చెప్పుకునే అమ్ముతారు. ఇబ్బంది అంతా అరువు పేరుతోనే. రింగ్ రోడ్డులో నేను అడిగిన దుకాణదారులు దాపరికం లేకుండా ‘ఇక్కత్ ప్రింట్’ అనే చెప్పారు. దారిలో ఎక్కడో ‘ప్రింట్’ అనే మాట జారిపోయి, ‘పోచంపల్లి’ వచ్చి చేరుతోంది.

చట్టం, మన జాగ్రత్త

1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. తొలి విడతలోనే పోచంపల్లి ఇక్కత్‌కు ఆ రక్షణ లభించింది. తప్పుడు భౌగోళిక గుర్తింపును వాడితే ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే బిల్లు మీద పేరు లేకపోతే ఫిర్యాదు నిలవడం కష్టం. కాబట్టి చీర కొనేటప్పుడు ఈ క్రింది విషయాలు గమనించగలరు.

1. చీరను తిరగేసి చూడండి. నూలుకే రంగు పట్టినదైతే రెండు వైపులా బొమ్మ ఇంచుమించు సమానంగా ఉంటుంది. అచ్చు వేసినదైతే సాధారణంగా వెనుకవైపు వెలవెలబోతుంది.

2. రెండు వైపులా సమానంగా ఉన్నంత మాత్రాన చేనేత అని నిర్ధారించరాదు. మరమగ్గం మీద కూడా ఇక్కత్ నేస్తున్నారు. చేనేతకు 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు, పట్టుకు సిల్క్ మార్కు చీటీ అడగండి.

3. కొంగు చివరి పోగు ఒకటి తీసి వెలిగిస్తే పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిద అవుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూసగా మారుతుంది. పిల్లలకు దూరంగా, నీళ్ళ పళ్ళెం పక్కన ఉంచుకుని చేయండి.

4. దుకాణదారు నోటితో చెప్పిన ఊరి పేరును, పట్టు అనే మాటను బిల్లు మీద వ్రాయించండి. వ్రాయడానికి వెనుకాడితే మీకు జవాబు దొరికినట్లే.

5. పెట్టెల మీద, ప్యాకెట్ల మీద ‘మార్కెటెడ్ బై’ అన్నది అమ్మేవారి పేరు, ‘మాన్యుఫాక్చర్డ్ బై’ అన్నది చేసినవారి పేరు. రెండూ చదవండి. బండి విడిభాగాలైతే పార్టు నంబరు సరిచూడండి.

మా చీర సంగతి చెప్పి ముగిస్తాను. బావమరిదికి చెప్పి నొప్పించడమా, మానడమా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాము. చెప్పకపోతే మరల అదే దుకాణంలో కొంటాడని శ్రీమతి ఫోను చేసి చెప్పింది. అతడు బిల్లు వెదికాడు. దాని మీద ‘ఫ్యాన్సీ చీర – 1’ అని మాత్రమే ఉన్నది. చీరను పారవేయలేదు. మొన్న కాలనీ బతుకమ్మ నాడు ఆమె దానినే కట్టుకున్నది. ఎవరో పోచంపల్లియా అని అడిగితే, “కాదండీ, సూరత్ చీర. లింబాయత్‌లో మన వాళ్ళు నేసినది,” అని చెప్పింది. ఫాల్ కుట్టినామె పక్కనే ఉండి విన్నది.

వచ్చే సంచికలో: ప్రెషర్ కుక్కరు గాస్కెట్టు – అసలు, నకిలీ గుర్తించడం ఎలా?