ఇరువురి పట్టు

ప్రత్తి, మిరప పండు గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలయందు చెడుగుడు చిరపరిచితమైన ఆట. కబడ్డీ యను పేర నది 1990లో బీజింగు ఆసియా క్రీడలయందు పతకముల పోటీగా స్థానము పొందినది. ఈ ఆటలో దేహబలమెంత ముఖ్యమో, ఆ బలమును లెక్కించి వాడు నేర్పును అంత ముఖ్యము.

ఎదుటి జట్టులో మేటి కూతగాడొకడుండిన, వాడు వచ్చిన ప్రతిసారియు ఇరువురు కలసి వానిపైబడవలెనని పెక్కురు తలతురు. ఇది సగము మాత్రమే నిజము. జట్టున కేడుగురు. ఇరువురు చేయిచేయి కలిపి వానిని పట్టి నిలిపినచో వచ్చునది ఒక్క పాయింటు. వాడు వారి నీడ్చుకొని నడిగీటు తాకినచో పోవునవి రెండు. ఆ ఇరువురును వెలికి పోవలెను. ఏడుగురు కాచిన చోటును పిమ్మట ఐదుగురే కాయవలెను.

1891లో జేమ్స్ నైస్మిత్ అమెరికాలో కల్పించిన బాస్కెట్‌బాల్ ఆటయందును లెక్క యిట్టిదే. నేడు జట్టున కైదుగురు. ఒక్కనిని అడ్డుకొనుటకు ఇరువురు పోయిన, మిగిలిన నలుగురిని ముగ్గురే కాయవలెను. బంతి ఆ నాలుగవవానిని చేరులోపల వీరు పరుగెత్తి చేరవలెను. ఇట్టి పరుగులు పెరిగినకొలది కాళ్లు బరువెక్కును.

చెడుగుడునందు పురుషుల ఆట ఇరువది నిమిషముల చొప్పున రెండు భాగములు. నడుమ విరామ మైదు నిమిషములు. మొదటి భాగముననే ప్రతి కూతకును ఎగిరిపడినవాడు, గెలుపోటములు తేలు చివరి నిమిషములలో పట్టు నిలుపజాలడు.

అట్లని ఇరువురి పట్టును విడువరాదు. వేళ యెరిగి వాడవలెను. కూతగాడు లోతునకు వచ్చి మూల జేరినప్పుడు, 30 సెకనుల గడువు ముగియవచ్చినప్పుడు, ఒకడు వాని చీలమండ నందుకొనగా రెండవవాడు గీటువైపు దారి మూయవలెను. తక్కిన వేళల ఎడముగా నిలిచి వానిని వట్టిచేతులతో పంపుటయే మేలు.

మబ్బు పట్టినప్పుడు కళ్లములోని మిరపకాయలను ప్రోగుచేయ ఇంటిల్లిపాదియు పరుగెత్తుదురు. ఎండ కాయు దినమున నట్లు పరుగెత్తువారు లేరు. జట్టు నాయకుడును ఇట్లే మబ్బు నెరుగవలెను.

అలసట దాచుకొని బరిలో నిలుచుట వీరత్వము కాదు. అలసినవాడు ఆ మాట చెప్పవలెను. నాయకుడు వెంటనే వేరొకని దింపవలెను. అందు అవమానము లేదు. అలసిన ఒక్కని మొండితనమువలన ఏడుగురి శ్రమయు వ్యర్థము కారాదు.