మామయ్య జవాబు: ఎర్రదీపం, ఆకుపచ్చదీపం

పిల్లలూ,

ఈ నెల నాకు వచ్చిన జాబుల్లో ఒకదాన్ని రెండు మూడు సార్లు చదివాను. పాలకొల్లు దగ్గిర ఒక పల్లె నుంచి ఎనిమిదో తరగతి కుర్రవాడు రాశాడు. పేరు బయట పెట్టవద్దన్నాడు గనక చెప్పను. అతని జాబు ఇది:

"మామయ్యా, మా అక్కయ్య బి.ఎస్‌సి. ప్యాసయింది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నది. ఆమె పుస్తకాలు చూసి, పెద్దయ్యాక నేనూ ఆ ఉద్యోగమే చెయ్యాలనుకున్నాను. మొన్న అక్కయ్య ముందుగా కళ్ళు చూపించుకుందామని భీమవరం వెళితే నేనూ వెంట వెళ్ళాను. డాక్టరుగారు రంగు చుక్కల పుస్తకం ఒకటి తెరిచారు. చుక్కల మధ్య అంకె ఉన్నదట. అక్కయ్య గబగబా చదివేసింది. నాకు చాలా పుటల్లో చుక్కలు తప్ప మరేమీ కనిపించలేదు. ఇంటికి వచ్చి ఏడ్చాను. మా స్నేహితుడు, 'ఏ పుటలో ఏ అంకె ఉన్నదో బట్టీపట్టెయ్యి, ఎవరికి తెలుస్తుంది?' అంటున్నాడు. అలా చెయ్యవచ్చునా?"

బాబూ, నీ ప్రశ్నకు జవాబు చివర చెబుతాను. ముందు ఆ ఉద్యోగం ఏమిటో, దానికి దరఖాస్తు పెట్టడమంటే ఏమిటో అందరం తెలుసుకుందాం. అది తెలిస్తే జవాబు నీకే తట్టవచ్చు.

ఇరుకు రోడ్డు మీద రెండు బళ్ళు ఎదురైతే ఏదో ఒకటి ఆగుతుంది. ప్రయాణీకుల విమానం ఆకాశంలో ఆగలేదు. మబ్బులో ఉన్నప్పుడు దాన్ని నడిపేవాడికి ఎదురుగా ఏమున్నదో కంటికి కనిపించదు. అందుచేత, "నువ్వు ఈ ఎత్తున వెళ్ళు, నువ్వు ఆ పక్కకు తిరుగు, నువ్వు కాసేపు ఆగి దిగు" అని చెప్పేవాళ్ళు నేల మీద ఉండాలి. వాళ్ళే కంట్రోలర్లు. పైన ఒకటీ కింద ఒకటీ వెళ్ళే రెండు విమానాల మధ్య సాధారణంగా కనీసం 1000 అడుగుల ఎడం ఉండేలా చూస్తారు. ఒకే ఎత్తున వెళ్ళే వాటి మధ్య కొన్ని మైళ్ళ దూరం ఉంచుతారు.

విమానాశ్రయంలో ఎత్తయిన అద్దాల గది చూశారా? అందులో ఉన్నవాళ్ళు రన్‌వే మీద ఎవరు దిగాలో, ఎవరు లేవాలో చెబుతారు. లేచిన విమానాన్ని మరొక గదిలో రాడార్ తెర ముందు కూర్చున్నవాళ్ళు అందుకుంటారు. అది పై ఆకాశానికి చేరాక ఇంకొక కేంద్రానికి అప్పగిస్తారు. మన దేశంలో ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలలో ఇటువంటి పెద్ద కేంద్రాలున్నాయి. హైదరాబాదు మీది ఆకాశం చెన్నై పరిధిలోకి వస్తుంది. చేతిలో బిడ్డను ఒకరి నుంచి ఒకరు అందుకున్నట్టు, విమానాన్ని ఒక కంట్రోలర్ నుంచి మరొక కంట్రోలర్ అందుకుంటూ ఉంటారు.

ఇంత ఏర్పాటూ చాలా చిన్నగా మొదలయింది. 1929లో అమెరికాలోని సెంట్ లూయీ నగరంలో ఆర్చీ లీగ్ అనే ఆయన ఈ పని చేశాడు. ఒంటిచక్రం తోపుడుబండిలో ఒక కుర్చీ, ఒక గొడుగు, అన్నం, మంచినీళ్ళు పెట్టుకుని రోజూ విమానాల మైదానానికి పోయేవాడు. ఆయన చేతిలో రెండు జెండాలుండేవి. గళ్ళ జెండా చూపితే "వెళ్ళు" అని, ఎర్ర జెండా చూపితే "ఆగు" అని అర్థం. రేడియో లేదు, రాడార్ లేదు. రంగే మాట.

"అది పాతకాలం గదా, ఇప్పుడు రేడియో ఉన్నది, రంగుతో పనేమిటి?" అంటారేమో. విమానంలో రేడియో పాడయిందనుకోండి. అప్పుడు టవరులోని కంట్రోలర్ పెద్ద దీపాన్ని తుపాకీలా విమానం వైపు గురిపెట్టి వెలిగిస్తాడు. పైనున్న విమానానికి నిలకడగా ఆకుపచ్చ వెలుగు చూపితే "దిగవచ్చు" అని. నిలకడగా ఎర్ర వెలుగు చూపితే "ఇంకొక విమానానికి దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండు" అని. ఎర్ర వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంటే "ఇక్కడ దిగడం క్షేమం కాదు" అని. ప్రపంచమంతటా ఇవే గుర్తులు. మనం ఇళ్ళల్లో పసుపునీ "పచ్చ" అంటాం, ఆకు రంగునీ "పచ్చ" అంటాం. టవరులో అటువంటి తికమక కుదరదు. రాడార్ తెర మీద గుర్తులకు కూడా రంగులుంటాయి. ప్రమాదాన్ని సూచించే రంగును చటుక్కున పోల్చుకోవాలి.

ఇక దరఖాస్తు సంగతి. మన దేశంలో ఈ ఉద్యోగాలిచ్చేది భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ. దీన్ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా అంటారు. ఇది 1995లో ఏర్పడిన కేంద్రప్రభుత్వ సంస్థ. ఉద్యోగం పేరు జూనియర్ ఎగ్జిక్యూటివ్. సంస్థ వెబ్‌సైట్‌లో ప్రకటన వస్తుంది, దరఖాస్తు కూడా అక్కడే నింపాలి. ఇటీవలి ప్రకటనల ప్రకారం భౌతికశాస్త్రం, లెక్కలు చదివి బి.ఎస్‌సి. ప్యాసయినవాళ్ళు అర్హులు. ఇంజనీరింగు చదువులో ఈ రెండూ ఉన్నవాళ్ళూ అర్హులే. వయస్సు 27 ఏళ్ళు దాటకూడదు. కొన్ని వర్గాలవారికి వయస్సులో సడలింపు ఉన్నది. ఆడపిల్లలు దరఖాస్తు రుసుము కట్టనక్కరలేదు. షరతులు ఒక్కొక్కసారి మారుతుంటాయి గనక ఎవరో చెప్పినది నమ్మక, ప్రకటనను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలి.

తల్లిదండ్రులు కూడా ఒక మాట వినాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా, డిగ్రీ కాగితంలో మరొకలా ఉంటే, జాతకంలో ఒక పుట్టినరోజూ బడిలో మరొక పుట్టినరోజూ ఉంటే, చిక్కంతా ఈ దరఖాస్తు నాడు బయటపడుతుంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే సరిచేయించండి. నింపిన ప్రతి గడికీ తర్వాత కాగితం చూపించవలసి ఉంటుంది.

ముందు కంప్యూటరు మీద పరీక్ష. ఇటీవల 120 ప్రశ్నలిస్తున్నారు. వాటిలో సగం లెక్కలు, భౌతికశాస్త్రం. మిగిలినవి ఇంగ్లీషు, తర్కం, లోకజ్ఞానం వంటివి. నెగ్గినవాళ్ళకు కాగితాల తనిఖీ ఉంటుంది. తర్వాత గొంతు పరీక్ష. పలుకు స్పష్టంగా ఉన్నదా, తడబాటు ఉన్నదా అని చూస్తారు. మత్తు పదార్థాలు వాడుతున్నారేమో అని ఒక పరీక్ష, మనస్సు నిలకడ గురించి ఒక పరీక్ష, ఆ పైన వైద్య పరీక్ష. చెవులు, కళ్ళు, రంగుల చూపు అన్నీ చూస్తారు. ఎంపికయినవాళ్ళకు శిక్షణ ఇస్తారు. అటువంటి శిక్షణ కేంద్రాలు ప్రయాగ్‌రాజ్‌లోనూ, మన హైదరాబాదు బేగంపేటలోనూ ఉన్నాయి. శిక్షణ అయ్యాక కూడా వెంటనే ఒంటరిగా కూర్చోనివ్వరు. అనుభవం ఉన్నవారు పక్కన ఉండగా పని నేర్చుకుని, ఆ చోట పని చెయ్యడానికి వేరే అర్హత సంపాదించాలి.

గొంతుకు ఇంత పరీక్ష ఎందుకో తెలుసా? కంట్రోలర్ పని సగం చెప్పడం, సగం వినడం. రేడియోలో ఇంగ్లీషు 'ఫైవ్', 'నైన్' ఒకలాగే వినిపించవచ్చు. అందుకని 5ను 'ఫైఫ్' అనీ, 9ని 'నైనర్' అనీ పలుకుతారు. కంట్రోలర్ ఎత్తు ఎంతో చెబితే పైలట్ ఆ అంకెను తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పినది సరిగా ఉన్నదా అని కంట్రోలర్ మళ్ళీ వినాలి. వినపడకపోతే "మళ్ళీ చెప్పండి" అనాలి. ఊహించి తలూపడం మహా నేరం.

1977 మార్చి 27న టెనెరీఫ్ అనే దీవిలో రెండు జంబో విమానాలు ఒకే రన్‌వే మీద ఉన్నాయి. దట్టమైన మంచు. ఒకదాన్ని మరొకటి చూడలేదు, టవరుకు రెండూ కనిపించలేదు. ఒక విమానం వాళ్ళు "మేమిప్పుడు లేచే చోట ఉన్నాం" అని రేడియోలో అన్నారు. కదులుతున్నామని చెప్పారా, నిలబడి ఉన్నామని చెప్పారా? ఆ మాటకు రెండర్థాలూ వస్తాయి. వాళ్ళు నిలబడి ఉన్నారనే టవరు అనుకున్నది. "ఆగండి, నేను పిలుస్తాను" అని టవరు చెబుతున్న క్షణానే రెండో విమానం కూడా మాట్లాడింది. రెండు మాటలూ కలిసిపోయి కీచుమనే చప్పుడు మాత్రం వినిపించింది. మొదటి విమానం ఆగలేదు. ఆ ఢీలో 583 మంది చనిపోయారు. అప్పటి నుంచి 'టేకాఫ్' అనే మాటను, లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడో దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో వాడకూడదని నియమం వచ్చింది.

బాబూ, ఇప్పుడు నీ ప్రశ్నకు వద్దాం. ఈ ఉద్యోగంలో మొదటి గుణం ఏమిటి? కనిపించినది కనిపించిందనీ, కనిపించనిది కనిపించలేదనీ చెప్పడం. చుక్కల పుస్తకం బట్టీపట్టినవాడు ఆ మొదటి గుణాన్నే పోగొట్టుకుని టవరెక్కుతాడు. పుటల్లో అంకెలు కంఠస్థం చెయ్యవచ్చు. రేపు పొగమంచులో వెలిగే దీపాన్ని ఎవరు కంఠస్థం చేస్తారు? ఆ విమానంలో మీ అక్కయ్యే ఉండవచ్చు. కాబట్టి అలా చెయ్యకూడదు.

అయితే నువ్వు చేసిన తప్పేమీ లేదు. మన కంటి వెనక పొరలో రంగులు పోల్చే కణాలు మూడు రకాలున్నాయి. వాటిలో ఒక రకం లేకపోయినా, సరిగా పని చెయ్యకపోయినా ఎరుపూ ఆకుపచ్చా ఒకలాగే కనిపిస్తాయి. ఈ లోపం సాధారణంగా పుట్టుకతోనే వస్తుంది. దీనికి కారణమైన జన్యువు ఎక్స్ అనే క్రోమోజోములో ఉంటుంది. ఆడపిల్లలకు ఎక్స్ రెండు ఉంటాయి గనక, ఒకటి బాగా లేకపోయినా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లలకు ఒక్కటే ఉంటుంది. అందుకే మీ అక్కయ్య చదివింది, నువ్వు చదవలేకపోయావు. ఒక్క పుస్తకంతోనే తీర్పు చెప్పుకోకుండా పెద్ద కంటి ఆసుపత్రిలో వివరంగా పరీక్ష చేయించుకో. లోపం ఏ రకమో, ఎంతో తెలుస్తుంది. డిగ్రీ అయ్యాక కాకుండా ఎనిమిదో తరగతిలోనే తెలియడం నీ అదృష్టం.

ఇంకొక సంగతి విను. ఇంగ్లండులో జాన్ డాల్టన్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ప్రతి పదార్థమూ పరమాణువులతో ఏర్పడిందని మీ రసాయనశాస్త్రం పుస్తకంలో చదువుతారే, ఆ డాల్టనే. ఆయన 1792లో ఒక జిరేనియం పువ్వును చూశాడు. అందరూ గులాబిరంగు అనే ఆ పువ్వు పగలు ఆయనకు ఆకాశపు నీలంగానూ, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగానూ కనిపించింది. తమ్ముడికో అన్నకో అటువంటి చూపే ఉంటుందేమోనని అడిగితే, ఆయన సోదరుడికి కూడా అలాగే కనిపించింది. డాల్టన్ సిగ్గుపడి దాచుకోలేదు. తనకు ఏ రంగు ఎలా కనిపిస్తున్నదో రాసి 1794లో పండితుల సభలో చదివాడు. వర్ణాంధత్వాన్ని గురించి శాస్త్రీయంగా రాసిన మొట్టమొదటి వ్యాసాల్లో అది ఒకటి. ఆ లోపానికి డాల్టనిజం అనే పేరు కూడా వచ్చింది.

తన కంటిలోపలి ద్రవం నీలంగా ఉన్నదేమో అని ఆయన ఊహించాడు. చనిపోయాక తన కళ్ళు పరీక్షించమన్నాడు. 1844లో ఆయన పోయాక చూస్తే ఆ ద్రవం స్వచ్ఛంగా ఉన్నది. ఊహ తప్పయింది. కాని దాచి ఉంచిన ఆ కళ్ళ నుంచే 1995లో జన్యువును పరీక్షించి అసలు కారణం కనుక్కున్నారు. "నాకు కనిపించలేదు" అని నిజం చెప్పినందువల్ల, ఆయన పోయిన నూటయాభై ఏళ్ళకు కూడా శాస్త్రానికి మేలు జరిగింది!

అందుచేత బాబూ, టవరు గది నీది కాకపోయినా దిగులుపడకు. విమానాల చుట్టూ లెక్కలు వచ్చినవాడికి ఎన్నో పనులున్నాయి. వాతావరణం అంచనా కట్టేవాళ్ళు కావాలి, రెక్కల ఆకారం లెక్కించేవాళ్ళు కావాలి, కంప్యూటరు కార్యక్రమాలు రాసేవాళ్ళు కావాలి. ఏ పనికి ఎటువంటి చూపు అవసరమో ముందే కనుక్కుని అడుగు వెయ్యి. మీ అక్కయ్యకు నా ఆశీస్సులు. పరీక్షకు ఆమె చదువుకునేటప్పుడు నువ్వు ఒక సాయం చెయ్యి. రోజూ పది అంకెలు చదివి ఆమె చేత తిరిగి చెప్పించు. తప్పు పలికితే "మళ్ళీ చెప్పు" అను.

పిల్లలూ, మీరూ ఈ ఆట ఆడవచ్చు. ఒకరికి కళ్ళకు గంతలు కట్టి వాకిట్లో నిలబెట్టండి. మరొకరు మాటలతో మాత్రమే, "మూడడుగులు ముందుకు, ఎడమకు తిరుగు" అంటూ తులసికోట తగలకుండా గుమ్మం దాకా తీసుకురావాలి. ప్రతి మాటా తిరిగి చెప్పాకనే కదలాలి. ఎవరు బాగా చెబుతారో, ఎవరు బాగా వింటారో మీకే తెలుస్తుంది.

మీ
మామయ్య