కొత్త యంత్రమా, పాత యంత్రానికి పరీక్షా?



ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఒక మాతృమూర్తి వ్రాసినది అనేక కుటుంబాలకు పనికివచ్చేదిగా తోచింది. ఆమె భర్త గల్ఫులో ఉద్యోగం చేస్తున్నారు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పెద్దకుమారుడు 2019లో, పాఠశాల రోజులలోనే, మేనమామ సహాయంతో భాగాలు విడివిడిగా కొని ఇంటిలోనే ఒక గేమింగ్ కంప్యూటరును అమర్చుకున్నాడు. కొన్ని నెలలుగా ఆట మొదలుపెట్టిన 20 నిమిషాలకు అది దానంతటదే ఆగిపోతున్నది. మిగిలిన పనులకు మాత్రం ఏ ఆటంకమూ లేదు. చెల్లెలు దానిమీదనే ఇంటర్ పాఠాలు వింటున్నది.

“అమ్మీ! ఇది పాతబడిపోయింది. విండోస్ 11 కూడా దీనిలో రాదు. కొత్తది కావాలి, 90,000 రూపాయలు అవుతాయి” అని అబ్బాయి అంటున్నాడు. “పాఠాలకు ఆగని యంత్రం ఆటకే ఎందుకు ఆగుతుంది? వాడు సాకులు చెబుతున్నాడు” అని తండ్రి ఫోనులో కోపగించుకున్నారు. రెండు వారాలుగా తండ్రీకొడుకుల మధ్య మాటలు లేవట. “వాడు చెప్పేది నిజమా, అబద్ధమా? మీరే చెప్పండి మౌలానా!” అని ఆ సోదరి అడుగుతున్నారు.

సోదరీ! పిల్లలు ఎంతసేపు ఆడవచ్చుననేది వేరే చర్చ. యంత్రం విషయం వరకే చెబుతాము. మీ అబ్బాయి చెప్పే లోపం నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉన్నది. పాఠం వినేటప్పుడు కంప్యూటరు దాదాపు విశ్రాంతిగానే ఉంటుంది. ఆట మొదలైన వెంటనే ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ పూర్తి బలంతో పనిచేస్తాయి. కరెంటును అధికంగా తీసుకుంటాయి, వేడెక్కుతాయి. ఖాళీ బండిని లాగే ఎద్దు నిండు బండి దగ్గర ఆగిపోతే అది సాకు కాదు కదా! అయితే లోపం నిజమైనంత మాత్రాన కొత్త యంత్రం అవసరమని తేలదు. ఆ రెండు మాటల మధ్య ఒక పరీక్ష ఉన్నది. ఆ పరీక్షనే మీ ఇంటిలో ఎవరూ చేయలేదు.

మద్రసాలో విద్యార్థి వాక్యాన్ని తప్పు చదివితే మేము పుస్తకాన్ని మార్చము. ఏ పదం దగ్గర నాలుక తడబడినదో అక్కడ ఆపి, ఆ ఒక్క పదాన్ని విప్పి చూపిస్తాము. యంత్రం విషయంలోనూ పద్ధతి ఇదే. ముందు లోపం ఎక్కడున్నదో నిర్ణయించాలి, తరువాతనే ఖర్చు పెట్టాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. ఒకే రోజున నాలుగు మార్పులు చేస్తే యంత్రం బాగుపడినా ఏ మార్పు వలన బాగుపడినదో తెలియదు.

లక్షణాన్ని గుర్తించడం

“ఆగిపోతున్నది” అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు రోగాలు దాగి ఉంటాయి. కరెంటు పోయినట్లు యంత్రమంతా ఒక్కసారిగా ఆరిపోతే ముందు వేడినీ, పవర్ సప్లయ్‌నీ అనుమానించాలి. నీలిరంగు తెర వచ్చి మరల మొదలైతే ర్యామ్‌నూ, డ్రైవర్లనూ పరీక్షించాలి. తెరపై రంగురంగుల గళ్ళు, చారలు కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డును చూడాలి. ఆట ఒక్కటే మూసుకుపోయి మిగిలినవన్నీ సక్రమంగా ఉంటే, ముందుగా ఆ ఆట ఫైళ్ళను సరిచూచి, డ్రైవరును పూర్తిగా తొలగించి తిరిగి వేయాలి.

మీ ఉత్తరాన్ని బట్టి మీది మొదటి రకం. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో “కెర్నెల్-పవర్ 41” అనే నమోదు కనిపించవచ్చు. దానిని చూచి భయపడవద్దు. యంత్రం సక్రమంగా మూయకుండానే ఆగిపోయినదని మాత్రమే అది చెబుతుంది. ఎందుకు ఆగినదో చెప్పదు.

ఒక సాయంకాలపు పరీక్ష

అస్ర్ నమాజు తరువాత తీరిక చూచుకుని తల్లీకొడుకులు కలిసి కూర్చోండి. వీలైతే తండ్రిని వీడియో కాల్‌లో ఉంచండి. ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి.

మొదట గోడ దగ్గర మొదలుపెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డును తీసివేసి, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుకు నేరుగా కలపండి. యూపీఎస్ ఉంటే దానిని కూడా ఒక పూట తప్పించి చూడండి. ఇళ్ళలో వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లకు మించి మోయలేదు. పైగా దాని బ్యాటరీ పాతబడితే వోల్టేజి తగ్గిన క్షణంలోనే చేతులెత్తేస్తుంది.

రెండవది శుభ్రత. కరెంటు వైరు తీసివేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన విద్యుత్తు చాలావరకు ఖాళీ అవుతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకిన తరువాతనే లోపలి భాగాలను తాకండి. మెత్తని బ్రష్షుతో, బ్లోయరుతో దుమ్ము తీయండి. గాలి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో కదలకుండా పట్టుకోండి. ఒక గట్టి హెచ్చరిక: పవర్ సప్లయ్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లు ప్రమాదకరమైన విద్యుత్తును నిలుపుకొని ఉండవచ్చు.

మూడవది వేడి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామును నడిపించి, ఆట ఆడుతూ ప్రతి 5 నిమిషాలకు ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రతలను నోటు పుస్తకంలో వ్రాయించండి. మీ యంత్రంలోని రైజెన్ 5 2600 ప్రాసెసరుకు కంపెనీ నిర్ణయించిన గరిష్ఠ పరిమితి 95 డిగ్రీల సెల్సియస్. ఆగిపోయే ముందు అంకెలు ఆ దరిదాపులకు చేరుతుంటే దోషి దొరికినట్లే. నిర్ధారణ కొరకు క్యాబినెట్ ప్రక్క మూతను తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి మరల ఆడించండి. ఇంతకుముందు 20 నిమిషాలకు ఆగినది గంటసేపు నడిస్తే మీకు కావలసినది కొత్త కంప్యూటరు కాదు. గాలి, ఒక క్యాబినెట్ ఫ్యాను, కొద్దిగా థర్మల్ పేస్టు. బీరువాకూ గోడకూ మధ్య ఇరికించిన క్యాబినెట్‌ను బయటకు జరపడంతోనే తీరిన సమస్యలను మేము చూచాము.

థర్మల్ పేస్టు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఈ రకం ప్రాసెసరుకు సన్నని పిన్నులు దాని అడుగుభాగానే ఉంటాయి. పాత పేస్టు ఎండి బిగుసుకుని ఉన్నప్పుడు కూలరును నిలువుగా పైకి లాగితే ప్రాసెసరు కూడా ఊడివచ్చి పిన్నులు వంగిపోతాయి. కనుక పది నిమిషాలు యంత్రాన్ని నడిపి, పేస్టు మెత్తబడిన తరువాత ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు విప్పి, కూలరును అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు.

నాల్గవది పవర్ సప్లయ్. దుకాణాలలో దీనినే ఎస్‌ఎంపీఎస్ అంటారు. ఉష్ణోగ్రతలు 70 డిగ్రీల దగ్గరే ఉండి కూడా యంత్రం ఠక్కున ఆరిపోతుంటే అనుమానం దీనిమీదకే మళ్ళుతుంది. మీ ప్రాసెసరు 65 వాట్ల తరగతిది. జీటీఎక్స్ 1650 కార్డు 75 వాట్లది. లెక్క ప్రకారం 450 వాట్ల సప్లయ్ చాలినంత. కాని పేరు తెలియని చవక పెట్టెపై ముద్రించిన అంకె నిజమని నమ్మలేము. మిత్రుని దగ్గర గాని, తెలిసిన దుకాణంలో గాని ఒక మంచి సప్లయ్‌ను ఒక్కరోజుకు అడిగి తెచ్చి, దాని వైర్లతో సహా కలిపి చూడండి. ఒక కంపెనీ సప్లయ్‌కు మరొక కంపెనీ వైర్లు తగిలించరాదు. కొస ఒకే విధంగా కనిపించినా లోపలి తీగల వరుస వేరుగా ఉండి భాగాలన్నీ కాలిపోవచ్చు.

ఈ నాలుగు మెట్లలో సమాధానం దొరకకపోతే రాత్రికి మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను పరీక్షకు పెట్టి నిద్రపోండి. ఒక్క లోపం చూపించినా ఆ ర్యామ్‌ను నమ్మరాదు.

పెంచుకోవలసి వస్తే

లోపం తీరిన తరువాత, “ఆట నెమ్మదిగా ఉన్నది” అనే రెండవ ఫిర్యాదు మిగలవచ్చు. ఇక్కడ కూడా కొలిచిన తరువాతనే కొనాలి. ఆడుతున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు వినియోగం 95 శాతం పైన ఉంటే ఆటంకం కార్డుది. కార్డు సగం ఖాళీగా ఉండి ప్రాసెసరులోని ఒకటి రెండు కోర్లు నిండిపోతుంటే ఆటంకం ప్రాసెసరుది. ర్యామ్ నిండిపోయి హార్డ్ డిస్క్ దీపం ఆగకుండా వెలుగుతుంటే ఆటంకం ఆ రెండింటిది.

మీరు వ్రాసిన వివరాల ప్రకారం దానిలో 8 జీబీ ర్యామ్ ఒకే ముక్కగా ఉన్నది, పాత హార్డ్ డిస్క్ ఉన్నది. అట్లయితే మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీకి. చెల్లెలి పాఠాలు కూడా దానివలన త్వరగా తెరుచుకుంటాయి. రెండవ ఖర్చు మరొక 8 జీబీ ర్యామ్‌కు. రెండు ముక్కలు జంటగా పనిచేసినప్పుడు వేగం కూడా పెరుగుతుంది. నాలుగు గాడులున్న బోర్డులో ప్రాసెసరు వైపు నుండి 2వ, 4వ గాడులలో అమర్చాలి. మీ బోర్డుకు డీడీఆర్4 రకమే సరిపోతుంది, డీడీఆర్5 దానిలో దూరదు. 2025 చివరి నుండి ర్యామ్ ధరలు బాగా పెరిగినవి కనుక, పరీక్షించి తీసుకునే వీలుంటే వాడినది కొనడంలో తప్పు లేదు.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కు సాధారణ సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట వాస్తవమే. కాని మీ రైజెన్ 5 2600 విండోస్ 11 అంగీకరించే ప్రాసెసర్ల జాబితాలోనే ఉన్నది. బయోస్‌లో ఎఫ్‌టీపీఎం అనే ఏర్పాటును ఆన్ చేస్తే చాలు. ఈ విషయంలో మీ అబ్బాయికి ఎవరో తప్పు చెప్పారు.

ప్రాసెసరునే మార్చదలిస్తే బోర్డును పారవేయనక్కరలేదు. బి450 బోర్డులలో చాలావాటికి, బయోస్ నవీకరించిన తరువాత, 2022లో వచ్చిన రైజెన్ 5 5600 సరిపోతుంది. మీ బోర్డు కంపెనీ ప్రకటించిన జాబితాలో దాని పేరు ఉన్నదో లేదో చూచుకుని, పాత ప్రాసెసరు ఉండగానే బయోస్‌ను నవీకరించాలి. ఆ కొద్ది నిమిషాలలో కరెంటు పోతే బోర్డు మూగబోవచ్చు కనుక కోతల వేళ ఆ పని పెట్టుకోవద్దు.

గ్రాఫిక్స్ కార్డు చివరి ఖర్చు, అన్నింటికంటే పెద్ద ఖర్చు. కొనే ముందు క్యాబినెట్‌లో పొడవు కొలవండి, సప్లయ్‌లో తగిన పిన్నులున్నవో లేదో చూడండి. ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు తీసుకుంటుంది, మంచి 450 వాట్ల సప్లయ్‌తో నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060కి 550 వాట్లు ఉండాలని కంపెనీ సూచన. కొత్తగా వచ్చినదల్లా మేలైనది కాదు: ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు బోర్డుతో నాలుగు లేన్ల మీదనే మాట్లాడుతుంది కనుక బి450 వంటి పాత బోర్డులో దాని వేగం మరింత తగ్గుతుంది. మీ తెర 60 హెర్ట్జ్‌ది అయితే క్షణానికి 60కి మించిన దృశ్యాలను అది చూపలేదు. అంతకు మించిన కార్డుకు డబ్బు పోసి ప్రయోజనం స్వల్పం.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల వాడిన కార్డులు దొరుకుతాయి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతిని మార్చుకొనడంతో, అంతవరకు క్రిప్టో మైనింగులో రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు పెద్దసంఖ్యలో అమ్మకానికి వచ్చాయి. కనుక కొనే ముందు అరగంట బరువైన ఆటను నడిపించి, ఫ్యాను శబ్దాన్నీ, వేడినీ గమనించి, బిల్లు తీసుకోండి. వారంటీ మిగిలి ఉన్నదో లేదో సీరియల్ నంబరుతో విచారించండి.

తల్లికి, తండ్రికి, కుమారునికి

సోదరీ! 90,000 గురించి నిర్ణయం చేసే ముందు ఈ పరీక్ష జరగనివ్వండి. పరీక్షకు అయ్యేది ఒక సాయంకాలం, కొద్దిపాటి పేస్టు, ఒక ఎరువు తెచ్చిన పెట్టె. లోపం సప్లయ్‌ది అని తేలితే దానిని మాత్రం చవకలో కొనవద్దు; మిగిలిన భాగాలన్నింటి ప్రాణం దాని చేతిలో ఉంటుంది.

ఆ తండ్రిగారికి మా మనవి: పరాయి దేశంలో చెమటోడ్చి సంపాదించిన ప్రతి రూపాయికి లెక్క అడగడం మీ హక్కు. కాని లెక్క అడగడం వేరు, అబద్ధమాడుతున్నావనడం వేరు. నోటు పుస్తకంలోని అంకెలను ఫోటో తీసి పంపమని అడగండి. కొడుకు మాటపై వచ్చిన సందేహాన్ని ఆ అంకెలు తీర్చగలవు.

బేటా! పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో విడిభాగాలను చేర్చి యంత్రాన్ని నిలబెట్టినవాడవు. దానిలో ఏ భాగం చెడినదో కనుక్కొనడం నీకు కష్టం కాదు. “పాతబడిపోయింది” అనకు. “ఫలానా భాగం, ఫలానా పరీక్షలో విఫలమైంది, ఇంత అవుతుంది” అని మీ అబ్బాకు నీవే ఫోను చేసి చెప్పు. పాత బిల్లులన్నీ వెదికి ఒక కవరులో పెట్టు; ఏ భాగానికైనా వారంటీ మిగిలి ఉంటే ఖర్చు లేకుండానే పని జరగవచ్చు. చెల్లెలికి పాఠాలున్న వేళలలో మాత్రం యంత్రాన్ని విప్పకు.

పరీక్షలో ఏమి తేలినదో మాకు వ్రాయండి.