పాత చేపల తొట్టె: నమ్మాలా, పరీక్షించాలా?

వేసవి సెలవులకు మీరు అమ్మమ్మగారింటికి వెళ్ళారు. అటక సర్దుతూంటే గోనెపట్టా కింద ఒక గాజు చేపల తొట్టె కనిపించింది. మామయ్య చదువుకునే రోజుల్లో చేపలు పెంచిన తొట్టె అది. పదిహేనేళ్ళుగా దానిలో ఎవరూ చుక్క నీరు పోయలేదు. దాన్ని చూడగానే మీ కళ్ళ ముందు రంగురంగుల చేపలు ఈదాయి!

ఇంతలో ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యాయి. "పాత గాజు, ఎప్పుడు పగులుతుందో ఏమో, పారెయ్యండి" అంటుంది అమ్మమ్మ. "ఇన్నేళ్ళూ చెక్కు చెదరకుండా ఉంది, దానికేమవుతుంది? నీళ్ళు పోసెయ్యండి" అంటాడు మామయ్య.

ఇద్దరిలో ఎవరి మాట సరైనది? నన్నడిగితే ఇద్దరిదీ కాదంటాను. ఒకరు వయస్సు చూసి కాదంటున్నారు, మరొకరు వయస్సు చూసే అవునంటున్నారు. తొట్టెను అడిగి చూద్దామని మాత్రం ఎవరూ అనడం లేదు. తొట్టెను అడగడమంటే పరీక్షించడమే.

మామయ్య మాటలోని లోపం ముందు చూద్దాం. ఆ తొట్టె పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 30 అనుకోండి. అంచు దాకా నింపితే 54 లీటర్ల నీరు పడుతుంది. అంటే 54 కిలోల బరువు! ఆ నీరు అడుగును నొక్కడమే కాదు, పక్క పలకలను కూడా బయటికి నెడుతుంది. నీటి పీడనం పైన సున్నా, 30 సెంటీమీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. సగటున 15 గ్రాములు. ముందు పలక వైశాల్యం 1800 చదరపు సెంటీమీటర్లు. గుణించి చూడండి: 27 కిలోల బరువుతో సమానమైన తోపుడు! ఆ పలకను పట్టి ఉంచేది సన్నని అతుకు. అటక మీద ఉన్న పదిహేనేళ్ళలో ఆ అతుకు ఒక్క కిలో తోపునైనా భరించిందా? లేదు. పరీక్షే రాయని వాడు తప్పలేదంటే, ఉత్తీర్ణుడయ్యాడని అర్థమా?

ఇక అమ్మమ్మ మాట. గాజు ఏళ్ళు గడిచినంత మాత్రాన కుళ్ళిపోయేది కాదు. గాజు బలాన్ని తగ్గించేవి దానిమీద ఉండే చిన్న చిన్న చీలికలని గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1921లో ప్రచురించిన పరిశోధనలో చూపించాడు. గాజు మీద పడిన బలం చీలిక కొన దగ్గర పోగవుతుంది. అక్కడి నుంచే పగులు సాగుతుంది. కాబట్టి గాజుకు శత్రువు వయస్సు కాదు, గాయం. గాయం లేని పాత గాజు కంటే అంచు చిట్లిన కొత్త గాజే ప్రమాదం.

అయితే ఎలా పరీక్షించాలి? మొదటి పరీక్ష కళ్ళతోనే. తొట్టెను వెలుతురుకు ఎదురుగా పెట్టి, నాలుగు పలకల్నీ, ముఖ్యంగా అంచుల్నీ మూలల్నీ చూడండి. వేలితో తడమవద్దు, తెగుతుంది. పగులు గీత కనిపించినా, అంచున పెచ్చు లేచినా నీళ్ళ పరీక్ష దాకా పోనక్కరలేదు. అడుగున తెల్లని చారలుంటే భయపడకండి. అవి చాలావరకు కఠిన జలం ఆరిపోగా మిగిలిన సున్నపు పొరలే. వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ తుడిస్తే కరుగుతాయి. సబ్బు మాత్రం వాడకండి. అది మిగిలిపోతే చేపలకు హాని.

తరువాత అతుకులు. కొన్ని తొట్టెలను సిలికాన్ జిగురుతో అతుకుతారు. ఆ జిగురు రబ్బరులా మెత్తగా, గాజును గట్టిగా పట్టుకుని ఉండాలి. పెచ్చులుగా ఊడుతున్నా, గాజుకూ జిగురుకూ మధ్య తెల్లని ఖాళీలు కనిపిస్తున్నా అతుకు వదులుతోందని అర్థం. అంతకంటే పాతవి ఇనుప చట్రంలో పుట్టీతో బిగించిన తొట్టెలు. పుట్టీ ఎండి బీటలు వారుతుంది. పైగా వెనుకటి రోజుల్లో కొన్ని పుట్టీల్లోనూ ఇనుముకు పూసే రంగుల్లోనూ సీసం సమ్మేళనాలు కలిపేవారు. అటువంటి దాన్ని మీరు గీకవద్దు. దాని పొడి మీకూ మంచిది కాదు, చేపలకూ మంచిది కాదు.

మరో ప్రశ్న: ఇన్నాళ్ళూ ఆ తొట్టెలో ఏమి దాచారు? పాత పుస్తకాలైతే సరే. కిరసనాయిలు డబ్బా, పురుగుల మందు, రంగుల డబ్బాలు పెట్టి ఉంటే? గాజును కడగగలం గాని, సిలికాన్ కొన్ని నూనెలనూ రసాయనాలనూ పీల్చుకుంటుంది. అటువంటి తొట్టె చేపలకు వద్దు.

ఇవన్నీ దాటితే నీళ్ళ పరీక్ష. పెద్దవాళ్ళ సాయంతో తొట్టెను ఆరుబయట నీడలో, చదునైన చోట, పొడి వార్తాపత్రికలు పరచి పెట్టండి. ముందు సగం నింపి ఒక రోజు ఆగండి. "సగం నింపితే కారలేదు, ఇక భయం లేదు" అనుకోకండి. సగం నీటిలో నీటికి తగిలే పలక వైశాల్యమూ సగమే, సగటు పీడనమూ సగమే. ముందు పలక మీది తోపు 27 కిలోల నుంచి 7 కిలోల లోపుకు, అంటే పావు వంతుకు పడిపోతుంది. అందుచేత మరునాడు పూర్తిగా నింపి, కనీసం వారం రోజులు ఉంచండి. నిండిన తొట్టెను మాత్రం ఎప్పుడూ కదపకండి.

వారం గడిచేసరికి నీటి మట్టం తగ్గుతుంది. కారిందా, ఆవిరయిందా? దీనికొక చక్కని ఉపాయం ఉంది. నిలువు గోడలున్న వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి తొట్టె పక్కనే ఉంచండి. రెండింటి మీదా మట్టం గుర్తు పెట్టండి. రెండూ ఇంచుమించు ఒకే లోతు తగ్గితే అది ఆవిరి. తొట్టెలో బాగా ఎక్కువ తగ్గితే ఎక్కడో దారి ఉందన్నమాట. బయటి గాజు మీద చెమట పట్టినట్టు తేమ కనిపిస్తే గాభరా పడకండి. తుడిచి చూడండి. పలకంతా మళ్ళీ తడిస్తే అది గాలిలోని తేమ. ఒకే మూల మళ్ళీ మళ్ళీ తడిస్తే అది కారడం.

వారం రోజులు ఎందుకంటారా? హైస్కూల్లో చదివేటప్పుడు నేనూ ఒక పాత తొట్టెను దించాను. గంటసేపు చూశాను, కారలేదు. సంతోషంతో సాయంత్రమే అయిదు చేపల్ని వదిలాను. తెల్లవారేసరికి గదంతా నీళ్ళు. తొట్టెలో మిగిలింది రెండు వేళ్ళ లోతు. మూడు చేపలు చనిపోయాయి. నీళ్ళు పారిన దారిలోనే టేబుల్ ఫాను తీగ ఉంది. ఆ రోజు దాని మీద ఎవరూ కాలు వేయకపోవడం నా తెలివి కాదు, నా అదృష్టం.

అప్పుడు నేను చేసిన తప్పు పరీక్షించకపోవడం కాదు. "బాగుంది" అనే జవాబే రావాలని కోరుకుంటూ పరీక్షించడం. అందుకే మీకు ఒక సలహా. నీళ్ళు పోయక ముందే ఒక కాగితం మీద రాసుకోండి: "ఏమి కనిపిస్తే నేను ఈ తొట్టెను వద్దనుకుంటాను?" 'కాదు' అనే జవాబు రావడానికి వీలు లేనిది పరీక్ష కాదు, ముచ్చట.

అన్నీ చేశాక కూడా అనుమానం మిగిలితే? వద్దనే అనండి. మంచి తొట్టెను అనవసరంగా వద్దంటే పోయేది కొద్దిపాటి డబ్బు. చెడ్డ తొట్టెను పొరపాటున మంచిదంటే పోయేవి ప్రాణాలు. రెండు తప్పులూ సమానం కావు.

వద్దన్నంత మాత్రాన దాన్ని పారవేయనక్కరలేదు. గాజు బాగుండి అతుకే చెడితే, పనివారు పాత జిగురంతా తీసి కొత్తగా అతుకుతారు. పాత సిలికాన్ మీద కొత్తది సరిగా పట్టదు గనుక పైపూత చాలదు. అతికాక మళ్ళీ పరీక్ష తప్పదు. అదీ కుదరకపోతే మట్టి పోసి నాచు, చిన్న ఫెర్న్ మొక్కలు పెంచండి. ఆ తొట్టెకు అంత తోపు భరించే పని ఉండదు.

చేపలు తొట్టెను ఎంచుకోలేవు. వాటి తరఫున ఎంచుకునేది మీరే. అమ్మమ్మ భయాన్నీ మామయ్య ధైర్యాన్నీ రెండింటినీ గౌరవించండి. నిర్ణయం మాత్రం ఆ వారం రోజుల నీళ్ళకు వదిలెయ్యండి!