పాదం ముట్టుకోని వైద్యం

మా నాయన చివరి మూడేళ్ళూ ఒంటికాలితో బతికాడు. ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు. "షుగరు, బీడీలు" అన్నది ఊరు. నేనూ అదే నమ్మాను. అది సగం నిజం. మిగతా సగం గురించే ఈ వారం.

అంతకు ముందు రెండేళ్ళుగా ఆయన ఒకటే మాట చెప్పాడు: "నడుస్తాంటే పిర్ర పట్టేస్తాంది బిడ్డా, జరసేపు నిలబడితే ఇడుస్తది." డప్పు వేసుకొని ఊరేగింపులకు ముందు నడిచిన మనిషి, కిరాణా కొట్టు దాకా పోవడానికి మూడుచోట్ల ఆగేవాడు. ఆర్‌ఎంపీ నరాల బలహీనతన్నాడు. టౌన్లో పెద్దాసుపత్రి వాళ్ళు నడుముకు ఎక్స్‌రే తీసి, గోళీలు రాసి పంపారు.

ఆ మాటలోనే జబ్బు ఉంది. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని బొడ్డు దగ్గర రెండుగా చీలి, కటి భాగం గుండా కాళ్ళకు పోతుంది. అవి ఇలియాక్ ధమనులు. పొగ, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ వల్ల వాటిలో పూడిక పేరుకుంటుంది. కూర్చుంటే సరిపోయే రక్తం నడిస్తే చాలదు. అందుకే నడిస్తే నొప్పి, ఆగితే నిమ్మళం. కనిపెట్టడానికి మొదట గజ్జల్లో, పాదం మీద నాడి పట్టి చూడాలి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే అనుమానించాలి. పొగ మానడం, మందులు, రోజూ నడక చాలకపోతే, గజ్జలో సూది రంధ్రం గుండా సన్నటి తీగ పంపి, బెలూన్‌తో దారి వెడల్పు చేసి స్టెంట్ పెడతారు. పొట్ట కోయక్కర్లేదు.

1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ళ ముసలమ్మ పాదం కుళ్ళింది. కాలు తీయడానికి ఆమె ఒప్పుకోలేదు. చార్లెస్ డాటర్ అనే డాక్టరు ఆమె తొడ ధమనిని ఇలాగే లోపలి నుంచి తెరిచాడు. కాలు నిలిచింది. ఆమె వద్దనగలిగింది. మా నాయన్ని ఎవరూ అడగలేదు, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు.

"దీన్లో కూడా కులమేనా?" అంటారు కొందరు. ఆ డాక్టర్ల మనసులో ఏముందో నాకు తెలీదు. ముందే చూసినా కాలు దక్కేదని కూడా గ్యారంటీగా చెప్పలేను. తెలిసింది ఒక్కటే: రెండేళ్ళలో ఒక్కరూ ఆయన పాదం ముట్టుకోలేదు. ఈ జబ్బేమో ముట్టుకుంటేనే దొరుకుతుంది. ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డుంది. కార్డు డబ్బు కడుతుంది గానీ, జబ్బు పేరు చెప్పే మనిషిని తెచ్చివ్వదు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవులకు ఇంటికి పోయినప్పుడు బీడీ తాగే, షుగరున్న పెద్దవాళ్ళను అడగండి: ఎంత దూరం నడిస్తే నొప్పొస్తుంది, ఆగితే తగ్గుతుందా? పడుకున్నా పాదం నొప్పి, మానని పుండు, నల్లబడ్డ వేలు, ఉన్నట్టుండి చల్లబడ్డ కాలు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రతి పీహెచ్‌సీలో షుగరు చూసిన రోజే పాదం నాడి కూడా చూడాలని అడుగుదాం. మెడిసిన్ చదువుతున్న మన పిల్లలకు ఒక్క మాట: చెప్పులు విప్పించండి, పాదం పట్టుకోండి.

జై భీమ్.