పది థాట్లు, డెబ్బదిరెండు మేళకర్తలు

సంపాదకులవారికి,

అయ్యా,

మా షోలాపురంలో తెలుగు పిల్లలు సంగీతం నేర్చుకోవాలంటే సాధారణంగా మరాఠీ మాస్టరుగారి వద్ద హిందూస్తానీ బాణీయే దొరుకుతుంది. మా ఇళ్ళలో కొందరు పెద్దలకు మాత్రం కర్ణాటక సంగీతమే సంగీతం. ఇటీవల ఒక పెళ్ళిలో మా బంధువు ఒకాయన మా మనుమరాలితో, "వాళ్ళకు పదే థాట్లు, మనకు 72 మేళకర్తలు. ఇక పోలిక ఏమిటమ్మా?" అని పదిమందిలో అన్నాడు. పిల్ల చిన్నబోయింది. ఆ మాట ఎంతవరకు న్యాయమో విచారించవలసి ఉన్నది.

ఉత్తరాదిని పూర్వం ఆరు రాగాలు, వాటికి భార్యలుగా రాగిణులు అనే వరుస ఉండేది. ఎవరు ఎవరి భార్యో గ్రంథానికొక తీరు! దానిని తోసివేసి పది థాట్లను నిలబెట్టినవారు బొంబాయి వకీలు విష్ణునారాయణ భాత్‌ఖండేగారు (1860–1936). ఆయన 1904లో దక్షిణదేశ యాత్రకు వచ్చి ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులవారిని కలుసుకున్నారు. దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" తెలుగులో అచ్చయినదీ ఆ ఏడే. తంజావూరు నాయకరాజుల కాలంలో వేంకటమఖి వేసిన 72 మేళాల లెక్కను భాత్‌ఖండేగారు పరిశీలించి, తమ గాయకులు పాడే రాగాలకు పది చాలునని ఏర్పరచుకున్నారు. మూలం చాలావరకు మన దిక్కుదే అయినప్పుడు ఎగతాళి ఎవరిని చేసినట్లు? ఆ వేంకటమఖి కూడా లెక్క 72 వేసి, వాడుకలో ఉన్నవిగా వివరించినవి 19 మేళాలే.

నేను రికార్డు గదిలో పనిచేసినవాణ్ణి. కట్టమీది చీటీ కాగితం వెతకడానికే గాని, కాగితంలోని సంగతి చీటీ చెప్పదు. భూప్, దేశ్‌కార్ రెండింటికీ మన మోహనం స్వరాలే. మొదటిది కల్యాణ్ థాటు, రెండవది బిలావల్. భూప్‌కు గాంధారం ప్రాణం, రాత్రి పాడతారు. దేశ్‌కార్‌కు ధైవతం ప్రాణం, ఉదయం పాడతారు. ఈ భేదం వినికిడి వల్ల తెలియవలసిందే. థాటు చూస్తే తెలియదు, మేళకర్త చూచినా తెలియదు.

మధువంతి, అహీర్ భైరవ్, కీరవాణి వంటివి ఆ పదింటిలో సరిగా ఇమడవన్న మాట నిజం. థాట్లను వేదంలా వల్లె వేయించే మాస్టర్లు పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పాలి.

ఇంతకంటె పెద్ద చిక్కు పేర్లది. వారి భైరవి థాటు స్వరాలు మన తోడివి. వారి తోడి థాటు మన శుభపంతువరాళి. వారి భైరవ్ మన మాయామాళవగౌళ. పిల్ల భైరవి సాధన చేస్తుంటే మా ఆవిడ, "ఇది భైరవి కాదే పిల్లా, తోడి!" అని దిద్దబోయింది. వారం రోజులు ఇంట్లో ఇదే తగవు. ఇద్దరి మాటా ఒప్పే.

తమ పత్రికలో కచేరీల వార్తలు వేసేటప్పుడు రాగం పేరుతోపాటు అది హిందూస్తానీయో కర్ణాటకమో కూడా తెలుపవలసిందిగా కోరుతున్నాను. మా బోటి ఇళ్ళలో కొంత శాంతిగా ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
షోలాపురం.