వెనుకకు నడిచే వెలుగు

కలకత్తాలోని వాట్‌గంజ్ చెంతనే ఖిదిర్‌పూర్ రేవు ఉన్నది. మునిమాపు వేళ అక్కడ దీపం వెలిగితే నీటిలో దాని ప్రతిబింబం వణుకుతుంది. కుంచె గాని, కెమెరా గాని లేకుండా ఆ దృశ్యాన్ని సృష్టించడం సాధ్యమా? సాధ్యమే. దీపం ఎత్తు, నీటి మట్టం, చూసే కన్ను ఉన్న చోటు చెబితే కంప్యూటరు తక్కినది లెక్క కడుతుంది.

దీపం విరజిమ్మే కిరణాలలో కంటికి చేరేవి అత్యల్పం. అందుచేత యంత్రం ఎదురుదారి పడుతుంది. కంటి నుండి తెరమీది ఒక్కొక్క చుక్క గుండా కిరణాన్ని పంపి, అది దేనిని తాకిందో, ఎటు మళ్ళిందో గణిస్తుంది. ఇదే రే ట్రేసింగ్. 1968లో ఆర్థర్ ఏపెల్ దీనికి పునాది వేశాడు. 1980లో టర్నర్ విట్టెడ్ ప్రకటించిన పద్ధతి ప్రతిబింబాలనూ, గాజులో వంగే కాంతినీ చూపగలిగింది. ఆయన గోళాల చిత్రానికి నాటి యంత్రం 74 నిమిషాలు తీసుకొన్నది.

డేవిడ్ బక్ ఇంటి కంప్యూటరుకై రాసిన ప్రోగ్రాము ఆధారంగా, 1991లో ఔత్సాహికులు పోవ్-రే నిర్మాణానికి పూనుకొని, దానిని ఉచితంగా పంచారు. రాత్రి యంత్రానికి పని అప్పగించి నిద్రించిన అభిరుచిపరుడికి తెల్లవారి కనిపించేది ఒక్కొక్కప్పుడు వట్టి చీకటే! దీపం గోడ వెనుక పడి ఉంటుంది.

ఆ పొరపాటే గురువు. నీడ అంచు ఎందుకు మెత్తగా ఉంటుంది? తడిసిన రాయి ఎందుకు నల్లబడుతుంది? సమాధానం కోసం అతడు వీధిలోకి వస్తాడు. తెరపై దీపం నిలపబోయినవాడు, రోజూ దాటిపోయే దీపాన్ని తొలిసారిగా చూస్తాడు.